ఎడమ పక్క సీటు

"నువ్వు కునుకు తీస్తే బండి అద్దం ఎందుకు పగులుతుందమ్మా? నాకు అర్థం కాక అడుగుతున్నా!"

కూతురు ఈ మాట అడగడం పొద్దుట్నుంచి ఎన్నోసారో. తల్లి మంచం మీద కూర్చుని మనవరాలి స్వెట్టర్ మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది.

కాటేజీ కిటికీలోంచి చూస్తే ఎంత బావుందో! కింద సరస్సు, దాని మీద తెల్లగా మంచు, ఆ వెనక కొండలు. ఈ కిటికీ కోసమే ఇంత దూరం వచ్చారు. ఇప్పుడు అందులోంచి చూస్తున్నది మనవరాలు పిచ్చుక ఒక్కతే. మిగతా నలుగురూ ఒకరి మొహం ఒకరు చూడకుండా తప్పించుకునే పనిలో ఉన్నారు. అంత చిన్న గదిలో అదేమీ తేలికైన పని కాదు.

నిన్న సాయంత్రం కొండెక్కుతుంటే ఆఖరి మలుపులో ఫట్‌మని చప్పుడైంది. తండ్రి తోలుతున్న అద్దె వ్యాను ఎడమవైపు అద్దం రోడ్డు అంచున ఉన్న రాయిని కొట్టుకుని ముక్కలైపోయింది. ముందు సీట్లో ఉలిక్కిపడి లేచిన తల్లి ఒక్కటే మాట అంది. "నేను కళ్ళు మూసుకున్నాను, అందుకే." ఆ తర్వాత ఆవిడ నోరు విప్పితే ఒట్టు!

"మీ అమ్మ నిద్రమత్తులో ఏదో అంది, దాన్ని పట్టుకుని పీకుతావేం?" తండ్రి బూటు లేసు లాగి కట్టాడు. "ఆ రాయి రోడ్డు మీదకి వచ్చుంది. ఎవడు పాతాడో గానీ బుద్ధిలేనివాడు."

"రోడ్డు మీద లేదు నాన్నా. నేను దిగి చూశాను. అంచునే ఉంది. తెల్లగా సున్నం కొట్టి మరీ ఉంది."

"అంటే నేను అబద్ధం చెప్తున్నానా? బస్సులు తోలి తోలి జుట్టు నెరిసింది నాకు. నువ్వు నాకు రాళ్ళు చూపిస్తావా?"

"అబ్బా, అద్దమే కదా!" అల్లుడు మధ్యలో దూరాడు. అతనిది ఫోటో స్టూడియో. ఎవరు పోట్లాడుకుంటున్నా 'కొంచెం నవ్వండి' అనడం వృత్తిరీత్యా అబ్బిన జబ్బు. "అద్దం పోతే అద్దం వస్తుంది మావయ్యగారూ. లేవండి, సరస్సు దగ్గర ఒక గ్రూప్ ఫోటో తీస్తాను. ఎండ పడిందంటే అందరి మొహాలూ చిట్లించుకున్నట్టు వస్తాయి."

"ఇప్పుడు మాత్రం విచ్చుకున్నాయేంటి?" అంది కూతురు.

తండ్రి భార్య వైపు తిరిగాడు. "ఏం కండక్టరమ్మా, వస్తున్నావా?"

ఆయన సిటీ బస్సు డ్రైవరు. ఆవిడ అదే బస్సులో కండక్టరు. పెళ్ళి కూడా ఆ బస్సులోనే కుదిరిందని డిపోలో అందరూ జోకులేసేవాళ్ళు. కిందటేడు మోకాళ్ళు మొరాయించి ఆవిడ ఉద్యోగం మానేసింది గానీ, ఇంట్లో మాత్రం డ్యూటీ దిగలేదు. పాలు పొంగితే 'హోల్డాన్'. మనవరాలు బడికి తయారైతే 'రైట్ రైట్'. అలాంటి మనిషి ఈవేళ గుండ్రాయిలా కూర్చుంది.

ఆవిడ మనవరాలి వైపు తిరిగింది. "పిచ్చుకా, డ్రైవర్‌గారికి చెప్పు. వస్తున్నానని."

"తాతా! అమ్మమ్మ వస్తోందట!" పిచ్చుక కేక పెట్టింది, తాత మూడడుగుల దూరంలోనే ఉన్నా సరే.

*

సరస్సుకి దిగే వీధి పొడవునా దుకాణాలే. ఉన్ని టోపీలు, చెక్క బొమ్మలు, చలువ కళ్ళజోళ్ళు. వీధి ఇరుకు. జనం రాసుకుంటూ నడుస్తున్నారు.

ఎప్పుడైనా ఆ మొగుడూపెళ్ళాలు బయటికెళ్తే ఆవిడ ఆయనకి ఎడమ పక్కనే నడుస్తుంది. చెయ్యి పట్టుకుని మరీ నడుస్తుంది. 'ఈ వయసులో ఏం రొమాన్సండీ' అని అల్లుడు ఎన్నిసార్లు ఏడిపించాడో. ఈవేళ ఆవిడ వెనక పిచ్చుకతో నడుస్తోంది. ఆయన ఎడమ చెయ్యి ఖాళీగా ఊగుతోంది.

ఆ చెయ్యే వెళ్ళి టోపీల స్టాండుకి తగిలింది. స్టాండు ఊగింది, ఒరిగింది, ధబ్బున పడింది. రోడ్డంతా రంగురంగుల టోపీలు.

"కనిపించలేదా పెద్దాయనా? ఇంత స్టాండు!" దుకాణం ఆవిడ కొట్లోంచే అరిచింది.

"దారిలో పెడితే ఎలా కనిపిస్తుంది?" ఆయనా తగ్గలేదు.

"దారిలో ఎక్కడుందయ్యా? అరుగు మీదుంటే!"

కూతురు వంగి టోపీలు ఏరుతూ తల్లి వైపు చూసింది. తల్లి ఒక్క టోపీ కూడా ఏరలేదు. పెదవులు బిగించి నిలబడింది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు.

టోపీలు పడితే ఏడుస్తుందేంటి?

రేవు దగ్గర అల్లుడు అందర్నీ వరసగా నిలబెట్టాడు. అత్తయ్యగారు చివరికి, మావయ్యగారు మధ్యకి, పిచ్చుక ముందుకి. "మావయ్యగారూ, మెడ తిన్నగా. ఎడమకి తిప్పేస్తున్నారు."

"తిన్నగానే ఉంది."

"లేదండీ. ఎప్పుడూ ఇంతే మీరు. మొన్న పుట్టినరోజు ఫోటోలోనూ ఇంతే. నా పెళ్ళి ఫోటోల్లో బావుండేవారు, ఈ మధ్యే ఏదో హీరో పోజు నేర్చారు!"

అతను నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. కూతురైతే అస్సలు నవ్వలేదు. ఆమె ఉద్యోగం కళ్ళజోళ్ళ షాపులో. పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనుషుల్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి రెండో కంటితో అక్షరాలు చదివించే పని. మెడ పక్కకి తిప్పి చూసేవాళ్ళని ఆమె ఎంతమందిని చూసింది! ఒక కన్ను పని చెయ్యకపోతే బాగున్న కన్ను మధ్యలోకి రావాలని మెడ దానంతటదే తిరుగుతుంది.

కానీ నాన్నకి కళ్ళు బావున్నాయి కదా. మొన్నీమధ్యే తన షాపులో తనే చూసింది కదా. రెండు కళ్ళతోనూ ఆఖరి వరస దాకా గడగడా చదివాడు కదా!

"పిచ్చుకా, పడవెక్కుదామా?" తండ్రి హుషారు తెచ్చిపెట్టుకుని అడిగాడు. ఒడ్డున కాళ్ళతో తొక్కే పడవలు వరసగా కట్టి ఉన్నాయి. ఇద్దరు పక్కపక్కన కూర్చునేవి, మధ్యలో తిప్పుకోవడానికి ఒక పిడి. "బస్సు తోలే తాత పడవ తోలితే ఎలా ఉంటుందో చూద్దువుగాని."

"నాన్నా, ఉండు. అమ్మని కూడా..."

"మీ అమ్మ నాతో మాట్లాడదుగా. ఆవిడ లేకపోతే నేను పడవ కూడా తొక్కలేనా?"

ఆ మాట కూతురితో అన్నాడు గానీ తగలాల్సిన చోటే తగిలింది. తల్లి మొహం పాలిపోయింది.

పడవ కదిలింది. పిచ్చుక ఆయన ఎడమ పక్క కూర్చుంది. నారింజ రంగు లైఫ్ జాకెట్టు దాని చెవులదాకా వచ్చింది. కాళ్ళు అందవు కాబట్టి తాతే తొక్కాలి. అది చెయ్యి బయటికి వేలాడేసి, వేళ్ళతో నీళ్ళు గీస్తూ ఏదో పాడుతోంది.

పాత రేవు ఎప్పుడో కూలిపోయింది. దాని స్తంభాలు మాత్రం నీళ్ళలోంచి మొండిగా పైకి లేచి ఉన్నాయి, నాచు పట్టి, నల్లగా. పడవలన్నీ వాటికి దూరంగా చుట్టు తిరిగి వెళ్తున్నాయి. తాత పడవ ఒక్కటే తిన్నగా వెళ్తోంది. వాటి పక్కనుంచే. ఎడమ పక్క వాటిని పెట్టుకుని.

"కొంచెం కుడికి తిప్పొచ్చుగా నాన్న," అంది కూతురు మామూలుగా.

తల్లి రేవు కమ్మీ పట్టుకుంది. ఆవిడ వేళ్ళు తెల్లబడ్డాయి. కూతురు ఆవిడ వైపు చూసింది, పడవ వైపు చూసింది. బయటికి వేలాడుతున్న ఆ చిన్న చెయ్యి. దాని ఎదురుగా స్తంభం.

"హోల్డాన్!"

సరస్సంతా మోగింది ఆ కేక. రేవు మీద జనమంతా తిరిగి చూశారు.

పడవలో ఆయన కాళ్ళు ఠక్కున ఆగిపోయాయి. ఎందుకని అడగలేదు. తల తిప్పి చూడలేదు.

"కుడికి! కుడికి కొట్టు! ఇంకా! పిచ్చుకా, చెయ్యి లోపల పెట్టు తల్లీ! ఇంకొంచెం... ఇంకొంచెం... చాలు. పోనీ. రైట్ రైట్."

పడవ స్తంభాన్ని గీరుకుంటూ బయటపడింది. పిచ్చుక అదంతా ఆట అనుకుని చప్పట్లు కొట్టింది.

తల్లి అక్కడే మెట్టు మీద కూలబడింది. "మళ్ళీ చెప్పాను," అంది తనలో తనే. "ఇక దారి చెప్పనని ఒట్టేసుకుని మళ్ళీ చెప్పాను."

అల్లుడి చేతిలో కెమెరా అలాగే ఉంది. ఈసారి ఎవర్నీ నవ్వమనలేదు.

కూతురు తల్లి పక్కన కూర్చుంది. గొంతు తగ్గించి అడిగింది. "ఎప్పట్నుంచి అమ్మా?"

తల్లి నీళ్ళ వైపే చూస్తోంది.

"బండిలో నువ్వెప్పుడూ ముందు సీట్లోనే కూర్చుంటావు. ఎడమ పక్క బండి, ఎడమ పక్క గుంట అని చెప్తూనే ఉంటావు. మేమంతా నవ్వుతాం, కండక్టర్ అలవాటు పోలేదని. అది అలవాటు కాదా?"

"మీ నాన్ననే అడుగు."

"నిన్నే అడుగుతున్నా."

"నన్నడక్కే!" అంది తల్లి. "ఆయనే చెప్పాలి. డిపోలో చెప్పమని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఇదిగో చెప్తా, అదిగో చెప్తా అంటాడు. నేను పక్కనుంటే చాలంటాడు. నిన్న మలుపులో రెప్ప వాల్చాను. ఒక్క రెప్పపాటు! అందరం ఆ బండిలోనే ఉన్నాం కదే..."

*

మధ్యాహ్నం కాటేజీలో ఎవరూ సరిగ్గా తినలేదు. కూతురు పిచ్చుక రంగు పెన్సిళ్ళలోంచి నల్లది తీసుకుంది. కిటికీ గట్టు మీద కాగితం కనిపిస్తే దాని వెనక షాపులో చార్టులాగా పెద్దవి, మధ్యరకం, చిన్నవి అక్షరాలు వరసలుగా రాసింది. మొగుడి చేతిలో పెట్టింది.

"ఆ తలుపు దగ్గరికెళ్ళి పట్టుకో. నాన్నా, ఈ కుర్చీలో కూర్చో."

"ఏంటిది? సెలవుల్లో కూడా షాపు తెరిచావా?" ఆయన నవ్వబోయాడు.

"సరదాకే. కూర్చో."

"చూశావుగా షాపులో. డిపోలో డాక్టరు కూడా చూశాడు. అన్నీ చదివాను. నీ చేత్తోనే రాసిచ్చావు బావున్నాయని!"

"అయితే ఇంకోసారి చదవడానికి భయమెందుకు?"

భయం అన్న మాట ఆయనకి పడదు. వచ్చి కూర్చున్నాడు. కూతురు వెనక నిలబడి ఆయన కుడి కంటి మీద అరచెయ్యి మూసింది. ఎడమ కన్ను ఒక్కటే తెరిచి ఉంది, తలుపు వైపు. అప్పుడు మొగుడు కాగితం పైకెత్తాడు.

ఆమె తలెత్తి చూసింది. చూసి విసుక్కుంది. ఆ మహానుభావుడు కాగితం తిరగేసి పట్టుకున్నాడు! అక్షరాలు అటువైపు ఉండిపోయాయి. ఇటువైపు పిచ్చుక పొద్దున వేసిన బొమ్మ. నీలం సరస్సు, ఆకుపచ్చ కొండ, ఎర్ర పడవ. 'తిప్పు' అనడానికి నోరు తెరిచింది.

అప్పటికే తండ్రి మొదలుపెట్టేశాడు.

"గ. ర ప. ల న ట. ద వ స య..."

ఆమె నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

ఆ వరస ఆమెకి తెలుసు. తను కోర్సు చదివే రోజుల్లో హాల్లో గోడకి తగిలించిన చార్టు అది. రోజూ సాయంత్రం డ్యూటీ దిగి వచ్చిన నాన్నని కుర్చీలో కూర్చోబెట్టి, పేషెంటుగా చేసి, అదే చార్టు చదివించేది. చదివి చదివి ఇంట్లో అందరికీ కంఠతా వచ్చేసింది. వంట చేస్తూ అమ్మ పాడేది. స్నానం చేస్తూ నాన్న పాడేవాడు. తర్వాత తన షాపులోనూ అదే చార్టు. డిపో డాక్టరు గోడ మీదా అదే చార్టు.

"క మ... ఆఁ, క మ చ త ప," ఆయన ఆఖరి వరస కూడా పూర్తిచేశాడు. చిన్న అక్షరాల దగ్గర కన్ను చికిలించడం కూడా మర్చిపోలేదు. "ఏం? తప్పుందా ఒక్కటైనా?"

పిచ్చుక పకపకా నవ్వింది. "తాతా, అది పడవ! నేనేసిన పడవ! నీకు పడవ చదవడం కూడా రాదా?"



కూతురు చెయ్యి తీసేసింది. ఆయన రెండు కళ్ళతో చూశాడు. అప్పుడు కనిపించింది పడవ.

"నేనే నేర్పాను," అంది కూతురు నెమ్మదిగా. "నేనే చెయ్యి పట్టుకుని నేర్పించాను నీకు."

"ఒక కన్ను చాలమ్మా బండికి." ఆయన లేచాడు. "ఆ రూటు నాకు నిద్దట్లో కూడా తెలుసు. ఏ స్టాపు ఎక్కడో, ఏ గుంట ఎక్కడో."

"అదీ కంఠతానేనా నాన్నా? రోడ్డు దాటే మనిషి కూడా కంఠతా వచ్చేశాడా నీకు?"

"నోర్ముయ్!"

"అమ్మ ఆ బస్సు దిగిపోయి ఏడాది దాటింది. ఎడమ పక్క ఎవరు చెప్తున్నారు నీకు? రోజూ ఎవరు చెప్తున్నారు?"

ఆయన అల్లుడి వైపు చూశాడు. అల్లుడు కాగితం వైపు చూస్తున్నాడు. భార్య వైపు చూశాడు.

"నువ్వు చెప్పావా దీనికి?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"సోమవారం డ్యూటీకి వెళ్ళకు నాన్నా. నువ్వే డిపోలో చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను."

"చెప్పి?" అన్నాడాయన. "చెప్పి ఏం చేస్తానే? గేటు దగ్గర స్టూలేసుకుని కూర్చుని, వచ్చే బస్సుకీ పోయే బస్సుకీ దణ్ణం పెట్టనా? స్టీరింగ్ తీసేస్తే నాలో ఏం మిగుల్తుంది? చెప్పు, చదువుకున్నదానివిగా!"

కూతురు ఏదో అనబోయింది. ఆయన వినలేదు. బల్ల మీద వ్యాను తాళం లాక్కున్నాడు.

"పదండి. ఇప్పుడే దిగుదాం కొండ. వెలుతురుంది ఇంకా. ఒక్క గీత పడితే, ఒక్క గీత, మీరు చెప్పినట్టే వింటాను. రానివాళ్ళు ఉండిపోండి!"

తలుపు దభేలుమంది.

*

వ్యాను కాటేజీ ముందు వాలులో ఆగి ఉంది. ఎడమవైపు అద్దం ఉండాల్సిన చోట ఒట్టి కాడ వేలాడుతోంది. ఆయన ఎక్కి ఇంజన్ ఆన్ చేశాడు.

పిచ్చుక అందరికంటే ముందు పరిగెత్తి ముందు సీట్లో ఎక్కి కూర్చుంది. అమ్మమ్మ సీట్లో.

"దిగు!" కూతురు అరిచింది. "నాన్నా, దాన్ని దించు! ఏమయ్యా, చూస్తావేంటి, దించు దాన్ని!"

ఆయన గేరు మీద చెయ్యి వేశాడు. బండి కదల్లేదు. దేనికోసమో ఆగాడు. అదేమిటో ఆయనకే తెలియకపోయుండొచ్చు గానీ, అక్కడున్న అందరికీ తెలుసు. పెళ్ళినాటి నుంచీ ఆవిడ ఎక్కిన బండిని ఆ రెండు మాటలు వినకుండా ఆయన ఒక్క అంగుళం కదపలేదు.

"తాతా! నేను చెప్తా!" పిచ్చుక సీటు మీద ఎగిరింది. "రైట్..."

తల్లి అప్పటికే బండి దగ్గరికొచ్చేసింది. ఆ మోకాళ్ళతో ఎలా వచ్చిందో! తలుపు తీసి, పిల్లని రెండు చేతులా ఎత్తి కూతురికి అందించింది. "పట్టుకో. మీరెవరూ ఎక్కకండి."

"అమ్మా, నువ్వేం చేస్తున్నావ్?"

ఆవిడ కమ్మీ పట్టుకుని, ఒక్కో కాలూ పైకి లాక్కుని, తన సీట్లో తను కూర్చుంది. తలుపు వేసింది. చీర కొంగు సర్దుకుంది. నిన్నట్నుంచి మొదటిసారి మొగుడి మొహంలోకి తిన్నగా చూసింది.

"అదీ!" ఆయన మొహం వెలిగింది. "నువ్వుంటే నాకేం భయం? చెప్పు కండక్టరమ్మా, చెప్పు. ఎడమ పక్క నువ్వు చూసుకో."

"చూడను."

"ఏంటి?"

"బస్సులో నేను లేనుగా. అక్కడ ఎలా తోలుతున్నావో ఇక్కడా అలాగే తోలు. నేనూ నీ ప్యాసింజర్‌నే." ఆవిడ గొంతులో కోపం లేదు. అదే భయంగా ఉంది. "కానీ, నువ్వు వెళ్తానంటే నేను దిగను."

రోడ్డు అక్కణ్ణుంచి తిన్నగా మలుపులోకి దిగుతుంది. కుడివైపు కొండ. ఎడమవైపు ఒక చిన్న గట్టు, దాని అవతల సరస్సు దాకా ఏమీ లేదు.

"ఎడమ పక్క చూడు," అన్నాడాయన.

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. సీటుకి తల ఆనించింది. రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంది.

"రైట్ రైట్," అంది.